ల్యూసర్ అడవి మీద థర్మాకోల్ విమానం

ఉత్తర సుమత్రాలో మెదాన్ నగరం నుంచి బుకిట్ లవాంగ్ తొంభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కారులో అయినా మూడు గంటలకు తక్కువ పట్టదు. బింజాయ్ పట్టణం దాటాక రోడ్డు సన్నబడింది, రెండు పక్కలా పామాయిల్ తోటలు మొదలయ్యాయి. మొదలైనవి ఎంతకీ అయిపోవు. గెలలు నింపుకున్న లారీ ఎదురొచ్చినప్పుడల్లా మా డ్రైవరు బండిని మట్టి అంచుకు దించి ఆగేవాడు. లారీ వెళ్లిపోయాక గాలిలో ఎర్రటి దుమ్ము, పండిన గెలల జిడ్డు వాసన మిగిలేవి.

ఏలూరు జిల్లాలో పెదవేగి చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఈ దారి కొత్తగా అనిపించదు. చెట్టుకీ చెట్టుకీ తొమ్మిది మీటర్ల ఎడం, ముక్కోణపు వరసలు, ఎకరాకు 57 మొక్కలు. అక్కడి రైతు లెక్కే ఇక్కడా. తేడా అంతా విస్తీర్ణంలో ఉంది. ప్రపంచంలో పామాయిల్ అందరికన్నా ఎక్కువ పండించేది ఇండోనేషియా, అందరికన్నా ఎక్కువ దిగుమతి చేసుకునేది మనం. 2022 ఏప్రిల్ చివర్లో ఆ దేశం కొన్ని వారాలు ఎగుమతులు ఆపేస్తే మన ఊళ్లలో నూనె ప్యాకెట్ ధర గురించి ఎంత కంగారు పడ్డామో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన ఇళ్లలోని మూకుడుకూ ఈ తోటలకూ అంత దగ్గర సంబంధం ఉంది. ఈ తోటలు ఎక్కడ ఆగుతాయో, వాటి అంచున మిగిలిన అడవి ఎలా ఉందో చూడాలని నాకు చాలాకాలంగా ఉండేది. ఆ అడవిని కొలవడానికి శాస్త్రవేత్తలు చవక డ్రోన్లు వాడుతున్నారని తెలిశాక ఇక ఆగలేకపోయాను.

బుకిట్ లవాంగ్ ఒక నది పొడవునా పరుచుకున్న ఊరు. బొహొరోక్ నది గులకరాళ్ల మీద గలగలా పారుతుంటే ఒడ్డునే చిన్న చిన్న వసతి గృహాలు. 2003 నవంబరులో ఒక రాత్రి ఈ నదికి మెరుపు వరద వచ్చి రెండు వందలమందికి పైగా చనిపోయారు. ఇప్పుడు కనిపించే ఊరు దాదాపుగా ఆ తర్వాత కట్టుకున్నదే. నది అవతలి గట్టు ఎక్కితే గునుంగ్ ల్యూసర్ జాతీయవనం మొదలవుతుంది. దాదాపు ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల అడవి. పులి, ఏనుగు, ఖడ్గమృగం, ఒరంగుటాన్, ఈ నాలుగూ కలిసి ఒకే అడవిలో మిగిలింది ఈ ప్రాంతంలోనే. 1973లో ఇక్కడ ఒక పునరావాస కేంద్రం పెట్టారు. ఇళ్లలో బోనుల్లో పెంచుకుంటున్న ఒరంగుటాన్లను తెచ్చి, మళ్లీ అడవికి అలవాటు చేసి వదిలేవారు. పర్యాటకులకు దగ్గరగా కనిపించేవి చాలావరకు వాటి సంతతే.

మాకూ ఒక తల్లి కనిపించింది, వీపు మీద పిల్లతో. చాలాసేపు చూశాం. కానీ నేను ఇక్కడ చెప్పాలనుకున్నది దాని గూడు గురించి.

మా గైడ్ ఒకచోట ఆగి పైకి చూపించాడు. ఆ ప్రాంతంలో తనకన్నా కాస్త పెద్దవాడైతే చాలు, ఎవరినైనా 'బాంగ్' అని పిలుస్తారు, మనం అన్నా అన్నట్టే. "బాంగ్, రెండు కొమ్మలు చీలేచోట చూడండి" అన్నాడు. ముందు ఏమీ కనపడలేదు. తర్వాత ఆకుల మధ్య ఆకులే ఒక ముద్దగా, కాస్త వేరే రంగులో కనిపించాయి. ఒరంగుటాన్ ప్రతి సాయంత్రం కొత్త పడక వేసుకుంటుంది. లావు కొమ్మలను తన వైపు వంచి, పూర్తిగా తెగిపోకుండా సగానికి విరిచి, ఒకదాని కింద ఒకటి దోపుతుంది. పైన చిన్న రెమ్మలు పరుచుకుంటుంది. కొన్ని నిమిషాల పని. తెల్లవారాక లేచి వెళ్లిపోతుంది, గూడు మాత్రం నిలిచిపోతుంది. మొదట పచ్చగా, కొన్ని వారాలకు గోధుమరంగులో, ఇంకొన్ని నెలలకు చిల్లులు పడి, చివరికి ఎండు పుల్లల చట్రంగా. మాకు కనిపించింది రెండో దశలో ఉంది.

ఒరంగుటాన్లను లెక్కపెట్టడానికి దశాబ్దాలుగా ఆధారం ఈ గూళ్లే. దట్టమైన అడవిలో ఒంటరిగానో, పిల్లను మోసుకునో తిరిగే ప్రాణిని నేరుగా లెక్కపెట్టడం అయ్యే పని కాదు. గూడు అయితే కదలదు, నెలల తరబడి ఉంటుంది. అడవిలో తిన్నని దారి కొట్టి, దాని వెంట నడుస్తూ, కనిపించిన ప్రతి గూడూ దారికి ఎంత దూరంలో ఉందో రాసుకుంటారు. తర్వాత గూళ్ల సాంద్రతను మూడు అంకెలతో భాగిస్తారు. ఒక జీవి రోజుకు సగటున ఎన్ని గూళ్లు వేస్తుంది, మొత్తం జీవుల్లో ఎన్నోవంతు గూళ్లు వేస్తాయి, ఒక గూడు ఎన్ని రోజులు నిలుస్తుంది అన్నవి ఆ మూడూ. పగటి కునుకు కోసం వేసుకునేవి కూడా కలిపి సుమత్రాలో రోజుకు 1.7 వరకు లెక్కకడతారు. తల్లి పక్కన పడుకునే పిల్లలను వదిలేస్తే పదిమందిలో తొమ్మిదిమంది గూడు వేసేవాళ్లు. గూడు 200 రోజులు నిలుస్తుందనుకుంటే, ఒక్కో జీవికి అడవిలో మూడు వందల పైచిలుకు గూళ్లు ఉండాలి. గూడు నిలిచే కాలం వానను బట్టి, చెట్టు జాతిని బట్టి, ఎత్తును బట్టి మారుతుంది. ఆ ఒక్క అంకె తప్పితే మొత్తం జనాభా తప్పుతుంది.

ఇందులో ఉన్న కష్టం ఆ కొండల మీద ఒక పూట నడిచినా అర్థమవుతుంది. వేళ్లు పట్టుకుని ఎక్కాలి, బురదలో జారుతూ దిగాలి, జలగలను సాక్సుల్లోంచి ఏరుకోవాలి. మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తూనే ఉండాలి. దారులు వేయగలిగిన చోటే లెక్క జరుగుతుంది, వేయలేని చోటు ఊహకు వదిలేయాలి. 2016లో సెర్జ్ విక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కొత్త సర్వేలన్నీ కలిపి సుమత్రా ఒరంగుటాన్లు 14,613 ఉండవచ్చని అంచనా వేశారు. అంతకుముందు నమ్ముతూ వచ్చిన అంకె దాదాపు 6,600. జంతువులేమీ పెరగలేదు. వెయ్యి మీటర్ల ఎత్తు పైన ఉండవనుకున్నవి 1,500 మీటర్ల దాకా ఉన్నాయని తేలింది. ఒకసారి కలప కొట్టిన అడవుల్లో కూడా ఉన్నాయని తేలింది. అన్నాళ్లూ అక్కడికి వెళ్లి చూసినవాళ్లు లేరు. ఆ పరిశోధకులే మరో మాట కూడా చెప్పారు. అడవి ఇలాగే తగ్గుతూ పోతే 2030 నాటికి వీటిలో వేల సంఖ్యలో పోతాయని. అంకె పెద్దదైందని ఎవరూ సంబరపడలేదు.

డ్రోన్ల కథ మొదలైంది ఇదే విక్ దగ్గర. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో అప్పట్లో పనిచేస్తున్న సింగపూర్ శాస్త్రవేత్త లియాన్ పిన్ కో, విక్ కలిసి 2011లో ఒక ఆలోచన చేశారు. అడవి పైనుంచి ఫొటోలు తీయడానికి విమానం అద్దెకు తీసుకునే స్తోమత పరిశోధకులకు ఉండదు. ఉపగ్రహ చిత్రాల్లో మంచివి ఖరీదు, ఉచితంగా వచ్చేవి ముతక, పైగా భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా మబ్బులు అడ్డం. అప్పటికి బజారులో దొరికే శాస్త్రీయ డ్రోన్ల ధర చూసి వాళ్లు తామే తయారు చేసుకోవాలనుకున్నారు. రిమోట్‌తో ఎగరేసే థర్మాకోల్ బొమ్మ విమానం ఒకటి కొన్నారు, రెక్కల వెడల్పు 1.4 మీటర్లు. అందులో ఆర్డూపైలట్ అనే సర్క్యూట్ బోర్డు పెట్టారు, జేబులో పట్టే మామూలు కానన్ కెమెరా బిగించారు. మొత్తం ఖర్చు రెండు వేల డాలర్ల లోపు, అప్పటి మారకంలో లక్ష రూపాయలు. 2012 ఫిబ్రవరిలో దాన్ని ల్యూసర్ అంచున ఆరస్ నపాల్ దగ్గర ఎగరేశారు. ఒక్క చార్జింగ్‌తో దాదాపు 25 నిమిషాలు ఎగిరి, 15 కిలోమీటర్ల దారి చుట్టి వచ్చేది. ఆ ఫొటోల్లో అడవి నరికివేతలు, ఏనుగులు, చెట్టు కొనన ఒరంగుటాన్ గూళ్లు కనిపించాయి.

ఆ ఏడాదే అది ఎందుకు సాధ్యమైందన్న దానికి సమాధానం మన జేబుల్లోనే ఉంది. విమానం ఏ పక్కకు ఒరిగిందో, ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే గైరోస్కోపులు ఒకప్పుడు పెద్ద విమానాలకూ క్షిపణులకూ పరిమితం. స్మార్ట్‌ఫోన్లు కోట్ల సంఖ్యలో తయారవడం మొదలయ్యాక అవే గోరంత చిప్పులుగా మారి రూపాయల్లోకి దిగాయి. జీపీఎస్ కూడా అంతే. వాటిని ఒక చోట చేర్చి విమానాన్ని దానంతటదే ఎగరనిచ్చే ప్రోగ్రామును 2000ల చివర్లో కొందరు అభిరుచి కొద్దీ రాసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని వదిలేశారు. ఆర్డూపైలట్ అలా పుట్టింది. కానన్ కెమెరా కొన్ని సెకన్లకోసారి తనంత తానే ఫొటో తీసేలా చేసే ప్రోగ్రాము కూడా అలా బయటివాళ్లు ఉచితంగా రాసిందే. జీతం లేకుండా రాత్రులు కూర్చుని రాసిన ఆ మనుషులకు ఈ అడవి ఎంతో రుణపడి ఉందని నేను నమ్ముతాను.

బుకిట్ లవాంగ్ నుంచి మళ్లీ ప్రధాన రహదారికి వచ్చి, ఆచే వైపు వెళ్తే బెసితాంగ్ వస్తుంది. అక్కడి నుంచి తోటల మధ్య మట్టిదారుల్లో మోటారు సైకిళ్ల మీద లోపలికి వెళ్లాం. జాతీయవనం హద్దు లోపల ఒకప్పుడు అక్రమంగా వేసిన పామాయిల్ చెట్లను కొట్టేసి, అడవి మొక్కలు నాటుతున్న చోటు అది. ఆ పని చేస్తున్నది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. నాటిన నేల ఎలా తేరుకుంటోందో, పక్కనున్న పాత అడవిలోంచి ఒరంగుటాన్లు ఇటు వస్తున్నాయో లేదో చూడటానికి ఒక చిన్న బృందం డ్రోన్ ఎగరేస్తోంది. జాతీయవనంలో అడుగుపెట్టాలంటే సిమాక్సి అనే అనుమతి పత్రం కావాలి, డ్రోన్ ఎగరేయడానికి విడిగా అనుమతి కావాలి. వాళ్ల దగ్గర కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉన్నాయి.

విమానాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. కిలోకి కాస్త అటూ ఇటూ బరువు. ముక్కు దగ్గర పగిలి అతికించిన గీత, ఎడమ రెక్క కింద మూడు పొరల పార్శిల్ టేపు. ఫ్యాను రెక్కల వెనకాల ఉంది, దానివల్ల ముందు భాగం నేలకు తగిలినా ఫ్యాను విరగదు. పొట్ట భాగాన్ని చతురస్రంగా కోసి కెమెరాను కిందికి చూసేలా కూర్చోబెట్టారు. కెమెరా కదలకుండా చుట్టూ స్పాంజి ముక్కలు కుక్కారు. దాన్ని నడిపే అమ్మాయి మెదాన్‌లో జీవశాస్త్రం చదువుకుంది. ల్యాప్‌టాప్‌లో మ్యాపు మీద గీతలు గీసింది, పొలం దున్నే చాళ్లలా ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్లీ ఆ చివరికి. ప్రతి ఫొటో పక్క ఫొటోతో సగానికి పైగా కలవాలి. అలా కలిస్తేనే తర్వాత కంప్యూటరు వాటిని కుట్టి ఒకే మ్యాపుగా, చెట్ల ఎత్తుతో సహా చూపగలుగుతుంది.

ఆమె ఎక్కువసేపు ఆలోచించింది ఎత్తు గురించే. యంత్రం తన ఎత్తును బయల్దేరిన చోటు నుంచి కొలుచుకుంటుంది. ఇక్కడ వంద మీటర్లు అని పెడితే, ఎదురుగా అరవై మీటర్ల గుట్ట ఉన్నచోట నేలకు నలభై మీటర్లే మిగులుతుంది. ఇక్కడి పెద్ద చెట్లు అంతకంటే ఎత్తు ఉంటాయి. అందుకని గుట్టను తప్పించి గీతలు మళ్లీ గీసింది.

పొద్దెక్కితే గాలి సుడులు లేస్తాయి, మధ్యాహ్నానికి వాన. తొమ్మిది కాకముందే ఎగరేశారు. ఒక కుర్రాడు నాలుగడుగులు పరిగెత్తి విమానాన్ని ఈటెలా విసిరాడు. ఒక్క క్షణం కిందికి జారి, తేరుకుని, చెట్ల మీదుగా పైకి వెళ్లిపోయింది. ఆ తర్వాత దాని మోత కూడా వినపడలేదు. తెర మీద ఒక చిన్న గుర్తు చాళ్ల వెంట కదులుతోంది, బ్యాటరీ వోల్టేజి మెల్లగా తగ్గుతోంది. అందరం ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాం. తిరిగొచ్చి గడ్డిలో పొట్టమీద జారుతూ ఆగినప్పుడు కుర్రాడు వెళ్లి ముందు కెమెరా తీసి చూశాడు, తర్వాతే విమానాన్ని.

ఇంతకుముందు ఒకటి అడవిలో పడిపోయిందట. నలభై మీటర్ల చెట్టు కొమ్మల్లో ఇరుక్కుంది, తీయలేకపోయారు. దాని మెమరీ కార్డూ దానితోనే పోయింది. బాధపడ్డారు, ఇంకొకటి కట్టుకున్నారు. ఆ మాట విన్నాక చవకదనం గురించి నా అభిప్రాయం స్థిరపడింది. యాభై లక్షల పరికరమైతే ఆ గుట్టల వైపు ఎవరూ పంపనివ్వరు. అది పాడవుతుందన్న భయం పరిశోధకుడి ప్రశ్నలను కూడా కుదించేస్తుంది, సులువైన నేల మీద సులువైన ప్రశ్నలే మిగులుతాయి. పోతే పోయిందిలే అనుకోగలిగిన పరికరం తెలియని చోటికి వెళ్లే ధైర్యం ఇస్తుంది. ఇంకో సంగతి. పాడైతే బాగుచేయడానికి ఎక్కడికో పంపక్కర్లేదు. ఈ ఊరి కుర్రాడే టంకం పెట్టి, టేపు వేసి మళ్లీ ఎగరేస్తాడు. అప్పుడు ఆ చూపు అతనిది అవుతుంది.

సాయంత్రం క్యాంపులో ఫొటోలు తెరిచారు. ముందు ఉపగ్రహ చిత్రం చూపించారు. 2008 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతున్న ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క ముప్పై మీటర్లకు ముప్పై మీటర్లు. తొమ్మిది మీటర్ల ఎడంతో నాటిన పామాయిల్ చెట్లు అందులో పన్నెండు, పదమూడు పడతాయి. అన్నీ కలిసి ఒకే ఆకుపచ్చ. పక్కన డ్రోన్ ఫొటోలో ప్రతి చెట్టూ విడిగా, మట్టలు నక్షత్రంలా విప్పుకుని కనిపిస్తోంది. హద్దుకు లోపలి వైపు, పాత అడవి మధ్య చిన్న ఖాళీలో, చిన్న చిన్న నక్షత్రాలు కొన్ని వరసలో ఉన్నాయి. ఎవరో కొత్తగా నాటారు. ఉపగ్రహానికి అది తెలియడానికి ఇంకా కొన్నేళ్లు పట్టేది.

ఆ వరసలను చూసి బృందంలో పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. నాటినవాళ్లు ఎవరో ఆయనకు తెలిసే ఉండొచ్చు. పై నుంచి తీసే ఫొటోలో పొలాలు, ఇళ్లు, మనుషులు కూడా పడతారు. ఆ మ్యాపు ముందు ఎవరి చేతికి వెళ్లాలి? ఊరివాళ్లను కూర్చోబెట్టి ముందు వాళ్లకే చూపించాలన్నది ఆ బృందం పద్ధతి. నాకది చాలా సరైనదిగా తోచింది. అడవిని కాపాడే పని ఊరి మీద నిఘాగా మారితే, రేపు మొక్కలు నాటడానికి చేతులు దొరకవు. డ్రోన్ల గురించి మాట్లాడేవాళ్లు రెజల్యూషన్ గురించి చెప్పినంతగా దీని గురించి చెప్పడం లేదు, చెప్పాలి.

ఇక గూళ్లు. పెద్ద తెర మీద ఒక్కో ఫొటోనూ పెంచి, మూల నుంచి మూలకు చూస్తూ పోవాలి. ఎండిన గూడు ఆకుపచ్చ మీద గోధుమరంగు మచ్చ. కానీ ఎండిన కొమ్మా గోధుమరంగే, తీగల ముద్దా అలాగే ఉంటుంది. తాజా గూడైతే పచ్చలో పచ్చ. చాలా గూళ్లు చెట్టు నడిమి కొమ్మల్లో ఉంటాయి, పైకప్పు కింద అవి కెమెరాకు కనపడవు. అందుకే సుమత్రాలో రెండు పద్ధతులనూ పోల్చి చూసినప్పుడు, నేల మీద నడిచినవాళ్లకు దొరికిన గూళ్లలో కొంత భాగమే డ్రోన్‌కు దొరికింది. అయితే నేల మీద ఎక్కువ దొరికిన చోట పై నుంచీ ఎక్కువ దొరికాయి. ఆ సంబంధం తెలిస్తే చాలు, ఎవరూ నడవలేని లోయలకు కూడా ఒక అంచనా కట్టవచ్చు. ఆ సంబంధం తెలుసుకోవాలంటే మాత్రం ఎవరో ఒకరు నడవాల్సిందే.

మరోచోట ఫలితం దీనికి ఎదురుగా వచ్చింది. ఆస్ట్రేలియాలో కో కూడా పాల్గొన్న, 2018లో ఫలితాలు వెలువడిన ఒక ప్రయోగం గురించి అక్కడే మాట్లాడుకున్నాం. అడిలైడ్ దగ్గర సముద్రపు ఒడ్డున ప్లాస్టిక్ బాతులను వేల సంఖ్యలో పేర్చారు. అసలు సంఖ్య ముందే తెలుసు. దుర్భిణులతో నిలబడిన అనుభవజ్ఞుల లెక్క కంటే డ్రోన్ ఫొటోల లెక్క 43 నుంచి 96 శాతం ఎక్కువ కచ్చితంగా వచ్చింది. ఆరుబయట ఇసుక మీద బాతు ఒకటి, పొరలు పొరలుగా పెరిగిన అడవిలో గూడు ఒకటి. ఏ ప్రాణికి ఏ ఎత్తు నుంచి ఏ పద్ధతి పనికొస్తుందో ఆ ప్రాణి దగ్గరే పరీక్షించి తెలుసుకోవాలి. ప్రాణికి హాని లేదని తేల్చుకోవడం కూడా అందులో భాగమే. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని మిన్నెసోటాలో నల్ల ఎలుగుబంట్లకు గుండె కొట్టుకునే వేగం కొలిచే పరికరాలు అమర్చి, పైన డ్రోన్ ఎగరేశారు. చాలావరకు ఎలుగులు కదలను కూడా కదల్లేదు, గుండె వేగం మాత్రం విపరీతంగా పెరిగింది. పైకి నిమ్మళంగా కనిపించినంత మాత్రాన లోపల నిమ్మళంగా ఉన్నట్టు కాదు. ఈ బృందం ఒకే చోట వరసగా ఎగరేయకపోవడానికి, గూడు వేసుకునే సాయంకాలం అసలు ఎగరేయకపోవడానికి కారణం అదే.

ఆ రాత్రి లెక్క చూసుకునేటప్పుడు ఒక తేడా వచ్చింది. నడిచి లెక్కపెట్టినవాళ్ల పుస్తకంలో ఉన్న గూళ్లలో చాలావాటికి ఫొటోల్లో ఆనవాలు లేదు, అది అందరూ ఎదురుచూసిందే. ఒక ఫొటోలో మాత్రం, అడవిలోంచి నాటిన నేల వైపు పొడుచుకొచ్చిన కొసన, ఎత్తైన చెట్టు శిఖరం మీద గుండ్రటి మచ్చ ఉంది. కింద నిలబడినవాళ్లకు ఆ శిఖరం కనపడదు. పుస్తకంలో అది లేదు. గూడే అయితే, ఒరంగుటాన్ కొత్త మొక్కల దాకా వచ్చిందన్నమాట. ఎండిన తీగలైతే ఏమీ లేదు. అమ్మాయి మచ్చను ఇంకా పెంచింది, పెంచేకొద్దీ చుక్కలు విడిపోయి ఏమీ తేలలేదు. పెద్దాయన అక్షాంశ రేఖాంశాలు తన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. చెట్టు ఎక్కగలిగేవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు, రబ్బరు పాలు తీసే పని ముగించుకుని పది గంటలకు వస్తాడు. అతనికి ఫోన్ చేసి, తాడు తెమ్మని చెప్పారు.